పరిగెయా, ప్రతిగ్రహమా?

కచేరీలో కన్నడమును, ఇంటిలో తెలుగును మాటాడుకొను బాగేపల్లి ప్రాంతపు కుటుంబములలో వివాదమనునది సాధారణముగా పొలముగట్టును గూర్చియో, పెండ్లిసంబంధమును గూర్చియో పుట్టునుగాని, పాత కుర్చీలను గూర్చి పుట్టుట అరుదు. ఈ సంవాదము అట్టి అరుదైన వివాదము. ఇందు మాటాడువారు ఇరువురు: ఒకరు ఉన్నతపాఠశాలలో చిరకాలము గణితము బోధించి, విశ్రాంతి తీసికొని, బాగేపల్లిలో స్థిరపడిన మామ, రెండవవారు చింతామణిలో బాడుగయింట కాపురముండి, ఒక చిన్న బడిలో చదువు చెప్పుకొనుచున్న ఆయన మేనకోడలు. బెంగుళూరునందలి పెద్దయిండ్లవారు బదిలీయైనపుడో, ఇల్లు మారునపుడో, క్రొత్తది కొన్నపుడో, ఇంకను పనికివచ్చుచుండగనే వదలిపెట్టు గృహోపకరణములను, సొంత కారు లేని సామాన్యులు ఉచితముగా తెచ్చుకొనుట తగునా, తగదా అనునది విషయము. వారి పేర్లతో పాఠకులకు పనిలేదు; వాదములతోనే పని.

మామ: అమ్మణ్ణీ, మొన్న నీవు ప్లాస్టిక్ కుర్చీలను ఒకదానిలోనొకటి దూర్చి, నైలాను తాటితో బిగించి, చిక్కబళ్లాపురము బస్సుస్టాండులో సిడ్లఘట్ట బస్సుకొరకు నిలుచుండగా మన ఊరివారెవరో చూచి వచ్చి నాతో చెప్పిరి. చెప్పినవారు నవ్వుచు చెప్పిరి. విన్న నాకు నవ్వు రాలేదు. మీ నాయన ఉన్న చేనును నిలుపుకొనలేకపోయెనుగాని, ఒకరి గుమ్మము ముందర చేయి చాచి ఎరుగడు. క్రొత్త కుర్చీ కొనలేనంతటి లేమి మనకు వచ్చినదా?

మేనకోడలు: లేమి వచ్చినదని నేననలేదు, మామా. ఎలహంకలో ఒక ఇల్లాలు, భర్తకు పూణెకు బదిలీ కాగా, ఆ కుర్చీలను మెట్లక్రింద పెట్టించి, ఎవరు తీసికొనిపోయినను మేలేయని చెప్పి పంపినది. నేను తేకున్న అవి గుజరీ అంగడికి పోవును. అక్కడ ముక్కలై, ఎక్కడనో కరగి, మరల ఏదో ఒక వస్తువై అంగడికి వచ్చును. కూర్చుండుటకు పుట్టిన వస్తువు ఇంకను కూర్చుండనిచ్చుచుండగా దానిని విరుగగొట్టనిచ్చి, నేను జీతపుడబ్బుతో మరియొకటి కొనుట ఏ లెక్కప్రకారము లాభము? మీరు లెక్కల అయ్యవారు గదా, చెప్పుడు.

మామ: లెక్కకు తరువాత వత్తును, ముందు ధర్మము. దానము పట్టుటకు అర్హుడైనవాడు సైతము దానియందు ఆసక్తుడు కారాదనియు, ప్రతిగ్రహమువలన తేజస్సు త్వరితముగా నశించుననియు మనుస్మృతి నాలుగవ అధ్యాయములో చెప్పబడినది. అర్హుని గతియే అట్లుండ, అవసరము లేకయే పుచ్చుకొనువారి గతి ఏమనవలెను? ఇచ్చు చేయి మీద, పుచ్చుకొను చేయి క్రింద. ఈ భౌతికసత్యమును ఏ కాలమును మార్పజాలదు.

మేనకోడలు: మీరు మనువును తెచ్చితిరి, నేను భారతమును తెత్తును. ఆశ్వమేధికపర్వమున ధర్మరాజు యజ్ఞము ముగిసిన చోటికి సగము మేను బంగారమైన ముంగిస యొకటి వచ్చి, లెక్కలేనంత బంగారము దానముచేసిన ఆ యజ్ఞము, కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రదికిన ఒక పేద బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన పేలపిండికి సాటిరాదని అందరియెదుటను నిందించినది గదా! ఆ బ్రాహ్మణుడు చేసినది దేహి అనుట కాదు. కోతలైన పొలములో రాలి మిగిలిన గింజలను ఏరుకొనుట. మన చేలలో వేరుసెనగ పెరికి కుప్పవేసిన తరువాత ఆడవారు గంపలతో దిగి, మట్టిలో మిగిలిపోయిన కాయలను తవ్వి ఏరుకొనుట మీరెరుగనిదా? పరిగె ఏరువారిని రైతు వారింపడు. ఏరుకొన్నవారును రైతునెదుట తలవంచరు. బెంగుళూరు పెద్దపొలము, మామా. అక్కడ కోత నిత్యము జరుగుచున్నది. నేను పరిగె ఏరుకొనుచున్నాను.

మామ: ఉపమానము చెవికింపుగా ఉన్నది, కాని నిలువదు. పరిగె ఏరువారు యజమాని మొగము చూడనవసరము లేదు. నీవో, కావలివాని పుస్తకములో పేరును ఫోను నంబరును వ్రాసి, ఏ అంతస్తునకు, ఎవరింటికి, ఏ పనిమీద పోవుచున్నావో అతనికి నిలువబడి విన్నవించి, తలుపు తట్టి, లోపలివారు నిన్ను ఎగాదిగ చూచి, ఆ వస్తువు మంచిదే సుమా అని తమ ఔదార్యమును తామే మెచ్చుకొనుచుండగా తలయూపవలెను. అది పరిగె కాదు, ముమ్మాటికి ప్రతిగ్రహమే. మరియు, పరిగె గంపలో పట్టును. మంచము గంపలో పట్టునా?

మేనకోడలు: కావలివాని మాట నిజమే, ఆ పుస్తకములో వ్రాయునపుడు నాకును చేయి కొంచెము బరువెక్కును. అందుకనియే నేను ఉత్తచేతులతో పోను. చలికాలమైన సంచినిండ అనపకాయలు కొనిపోవుదును. మన ప్రాంతపు అనపకాయలు కనబడగానే ఆ పట్టణపు ఇల్లాండ్రకు ప్రాణము లేచివచ్చును. గింజలను నానవేసి పితికి, పితికిన పప్పు కూర చేయు విధమును అడుగుదురు. నేను గుమ్మముననే నిలిచి చెప్పుదును. ఆ మాటలైన తరువాత ఏ చేయి మీద, ఏ చేయి క్రింద?

మామ: అట్లైన అది దానము కాదు, వర్తకము.

మేనకోడలు: వర్తకమైన ధర ఉండవలెను. వారు కుర్చీకి ధర చెప్పలేదు, నేను కాయలకు తూకము చెప్పలేదు.

(చలికాలము కాని దినములలో ఏమి కొనిపోవుదువని మామ అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ఇది వ్రాయుచున్నవారికి ఆ సందేహము తీరనేలేదు.)

మామ: సరే, గౌరవమును కాసేపు ప్రక్కన పెట్టుదము. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్లు, కారు లేని నీవు కారున్నవారి సామానునకు పూనుకొనుట నాకు అన్నిటికంటె వింత. 2023 జూన్ 11వ తేదీన శక్తి పథకము మొదలైనది మొదలుకొని ఎర్రబస్సులలో రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు డబ్బు లేదు, సంతోషమే. అయితే ఆ బస్సులలో కాలు పెట్టుటకు చోటును లేదు. కళాశాల పిల్లలు, ఆసుపత్రికి పోవు ముసలివారు నిలుచుండియే ప్రయాణము చేయుచుండగా, నీ కుర్చీల కాళ్లు వారి మోకాళ్లకు తగులుచుండగా, ఉచితపు ప్రయాణముమీద ఉచితపు సరకు! పుణ్యానికి పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడువారిని చూచితిని. ఆ పుట్టెడును బస్సులోనికి ఎక్కించువారిని నిన్నే చూచితిని.

మేనకోడలు: టికెట్టు శూన్యమైనను సామాను శూన్యము కాదు. రవాణాసంస్థవారి నియమము ప్రకారము ఒక ప్రయాణికునికి 30 కిలోలదాక సామానునకు కూలి లేదు. అటుపైన రుసుము కట్టవలెను. ఆ నియమము మగవారికిని ఒక్కటే. నేను తెచ్చునది ఆ 30 కిలోలకు లోబడినదే. ఉదయపు బస్సునకును, బడి విడిచిన తరువాతి బస్సునకును సామానెత్తుకొని పోను. మధ్యాహ్నము, ఎండకు వెరచి జనము పలుచబడినపుడు, కండక్టరును ముందుగా అడిగి ఎక్కుదును. ఆయన వలదన్న మరియొక బస్సునకు కాచుకొందును. హిందూపురమునందున్న మా అక్కకు ఒక మిక్సీని పంపవలసివచ్చినపుడు నాకు తెలిసినది, మన శక్తి బాగేపల్లి దాటి కొడికొండవైపు సరిహద్దుదాకనే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి అక్కడివారికే. కాబట్టి ఆమె అటునుండి, నేనిటునుండి వచ్చి, సరిహద్దునొద్ద మిక్సీని చేతులు మార్చుకొంటిమి. నవ్వుదురుగాక, మిక్సీ తిరుగుచున్నది.

మామ: రాయబారులవలె!

మేనకోడలు: ఇక భుజముమీది బరువు మనిషిని చిన్నచేయునన్న మాట. మా చింతామణి తాలూకాలోని కైవారమున తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిన తాతయ్య, యోగి నారేయణుడు కాకముందు గాజుల మలారమును భుజాన వేసికొని ఊరూర తిరిగినవాడే. ఆ భుజమునకే ఈనాడు జనము మ్రొక్కుచున్నారు.

మామ: తాతయ్య మలారమును మోసినది సంసారము నడుపుటకు, అదియును తుదకు దించివేసి గుహలో తపస్సునకు కూర్చుండెను. నీవు మలారమును నానాటికి పెంచుచున్నావు. పెద్దల కథలను సగములో ఆపివేయరాదు, అమ్మణ్ణీ.

మేనకోడలు: పెంచుటలేదు, పెంచలేను. అదియే నేను చెప్పదలచిన అసలుమాట. కారున్నవారు కనబడినదెల్ల డిక్కీలో వేసికొనివచ్చి, ఇంటిని గుజరీ అంగడిగా మార్చుకొనుట నేను చూచితిని. ఉచితమన్న మాట వినబడగానే వారికి వస్తువు కనబడునుగాని, అవసరము కనబడదు. నాకు అట్లు కాదు. మెట్లు దిగవలెను, ఆటో దొరకునో లేదో చూడవలెను, బస్సు మారవలెను, చింతామణిలో దిగి మా వీధిదాక మోయవలెను. ఆ దారియంతయు మనస్సులో ఒకసారి నడచి చూచుకొనిన గాని తీసికొందునని చెప్పను. చెప్పితినా, దానిని వాడుదును. కారు లేకపోవుట నాకు లోపమని మీరందురు. అది నా చేతిలోని తక్కెడయని నేనందును.

మామ: ఈ మాటలో పస ఉన్నది. అయితే దీనికి వెనుకవైపు కూడ చూడవలెను. నీకు భుజబలమున్నది, ఆదివారము సెలవున్నది, చేతిలో ఫోనున్నది, నలుగురితో మాటాడు చనువున్నది. మీ బడిలో ఊడ్చు ఆయాకు వీనిలో ఏది ఉన్నది? నిజముగా మంచము లేనిది ఆమెకు, కుర్చీ లేనిది ఆమెకు. నడుమునొప్పితో ఎలహంకకు పోయి పట్టెలు మోసికొనిరాగలదా? మోయగలవానికే దొరకు దానము అవసరమున్నవానికి చేరదు. నీ తక్కెడ తూచునది అవసరమును కాదు, కండలను.

ఇచ్చట మేనకోడలు వెంటనే బదులు చెప్పలేదు. ఈ వివాదమంతటిలోను మామ వేసిన ప్రశ్నలలో ఇదియే బరువైనదని నా అభిప్రాయము. ధర్మశాస్త్రముతో మొదలుపెట్టక దీనితోనే మొదలుపెట్టియున్న బాగుండెడిది.

మేనకోడలు: దానికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. ఆయాకు ఒక కుక్కరును నేనే తెచ్చి యిచ్చితిని. ఒక్కరు ఒక్కరికి తెచ్చుట సమాధానము కాదని నేనెరుగుదును. 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ పట్టణములలో మిగిలిన బట్టలను, సామానులను సేకరించి లారీలలో పల్లెలకు పంపి, చెరువుపూడిక, దారిపని వంటి ఊరిపనులు చేసినవారికి వానిని ప్రతిఫలముగా ఇచ్చు పద్ధతిని పెట్టినది. చేయి క్రిందపడకుండుటకు వారు వెదకిన ఉపాయమది. 2023 మే నెలలో కేంద్రప్రభుత్వము దేశములోని పట్టణములన్నిట పాత బట్టలు, పుస్తకములు, ఆటవస్తువులు, ప్లాస్టిక్ సామాను తెచ్చి యిచ్చుటకును, కావలసినవారు తీసికొనుటకును కేంద్రములను తెరువవలెనని ప్రచారము చేసినది. అట్టి గది మన ఊళ్లలోను, బస్సుస్టాండునకు ఆనుకొని, ఏడాది పొడుగున తెరచియున్నచో ఆయా ఎలహంకకు పోనక్కరలేదు.

మామ: ప్రచారము మూడు వారములు, అవసరము మూడువందల అరువదియైదు దినములు. తాళము ఎవరి చేతిలో ఉండునన్నదే ప్రశ్న. పోనిమ్ము. నీవు తెచ్చిన మంచము మాటకు రమ్ము. మంచము 30 కిలోలా?

మేనకోడలు: మంచమును బస్సులో తేలేదు. దానిని విప్పుటయే ఒక పని, వినుడు. తలవైపు పలక, కాళ్లవైపు పలక, రెండు ప్రక్కపట్టెలు, అడ్డపలకలు. అన్నియు మరలతో బిగించినవే. స్పానరు నేనే తీసికొనిపోవుదును. ఇచ్చువారింట ఉండదు, ఉన్నను కనబడదు. విప్పకముందే ఏ పట్టె ఏ మూలకు చేరునో సుద్దముక్కతో రెండువైపుల ఒకే అంకె వేయుదును. నట్లు, బోల్టులు, వాషర్లు ఒక పాతగుడ్డలో మూటగట్టి, ఆ మూటను సంచిలో వేయక, పట్టెకే గట్టిగా కట్టుదును. సంచులు చేతులు మారును, పట్టె ఎక్కడికి పోవును? ఒక్క బోల్టు తప్పిపోయిన అట్టిదే మరల దొరకుట కష్టము. కొలత కొంచెము తేడాయైన మంచము రాత్రియంతయు కిఱ్ఱుమనును.

మామ: విప్పితివి. తెచ్చినదెట్లు? రైలులోనా?

మేనకోడలు: రైలు ఉన్నది గదా! ఎలహంకలో ఎక్కి దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, సిడ్లఘట్టల మీదుగా చింతామణిలోనే దిగవచ్చును. ఒకనాడు సన్నపట్టాలమీద బుల్లిబండి నడచిన ఈ దారి 2013లో కోలారుదాక వెడల్పుపట్టాలదైనది. రెండవ తరగతి ప్రయాణికునికి 35 కిలోలు ఉచితము.

మామ: ఆ బండ్లు రోజునకు వేళ్లమీద లెక్కింపవచ్చును, మా బాగేపల్లికి పట్టాలే లేవు. మరియు మీటరు పొడవునకు మించిన పెట్టెను బోగీలోనికి తేరాదని రైలువారి నియమము; నీ పట్టెలు ఆరడుగులు.

మేనకోడలు: అందుకనియే రైలులోను తేలేదు. చిక్కబళ్లాపురము చుట్టుప్రక్కల పల్లెలనుండి పూలు, కూరగాయలు రాత్రికి రాత్రి బెంగుళూరు మార్కెట్టునకు పోవునని మీరెరుగుదురు. తెల్లవారి పూలు దించిన తరువాత ఆ టెంపోలు ఖాళీగా తిరిగివచ్చును. మా వీధిలో ఒక డ్రైవరున్నాడు. లగేజి ఆటోవాడు ఎలహంకనుండి చింతామణికి అడుగు బాడుగతో క్రొత్తమంచమునకు బయానా ఇయ్యవచ్చును. ఈతడు తిరుగుదారిలో దారిప్రక్కన ఆపి, మంచమును ఎక్కించుకొని, కాఫీ ఖర్చులకని నేనిచ్చినది పుచ్చుకొనెను. పూలరేకులు రెండు మూడు పలకకు అంటుకొని వచ్చినవి. అంతకంటె నష్టము లేదు.

మామ: ఇది బాగున్నది. పోవునప్పటి బాడుగలోనే డీజిలు ఖర్చు రెండువైపుల తీరిపోయినది. తిరుగుప్రయాణమున వచ్చునది ఎంత స్వల్పమైనను మిగులే. బండికి లాభము, నీకు లాభము, దారికి క్రొత్తభారము లేదు. ఈ లెక్క నాకు నచ్చినది. ఇట్టి లెక్కను నా విద్యార్థులకు ఒక్కరికైనను ఇయ్యనైతిని.

మేనకోడలు: అట్లైన ఒప్పుకొంటిరా?

మామ: బండిని ఒప్పుకొంటిని, బండిలోని సరకును ఇంకను ఒప్పుకొనలేదు. ఖాళీబండి దొరికినదికదాయని నగరపు చెత్తనెల్ల పల్లెకు తోలుట మొదలగును. వీపు ఉబ్బిన పాత టీవీలను చూచితివా? వాని గాజులో సీసమున్నది. కేబులువాడు ఎన్నడో మారిపోయెను. ఆ టీవీలను గుజరీవాడు సైతము ముట్టుటకు వెనుకాడును. బెంగుళూరులో దానిని వదిలించుకొనుట కష్టము కనుకనే ఉచితమని పేరు పెట్టి నీ భుజమున పెట్టుదురు. ఇచ్చువాడు దాత కాదు, బరువు దించుకొనువాడు. తుదకు అది బాగేపల్లి చెరువుగట్టున పగులును.

మేనకోడలు: ఈ మాటలో నాకు మీతో వివాదము లేదు. ఉచితమైనను వలదనవలసినవి కొన్ని ఉన్నవి. ఆ టీవీ యొకటి. రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన బల్ల రెండవది. ఒకసారి తడిసి అంచు ఉబ్బినదా, దానిని మరల బిగించుటకు మర పట్టదు. ఒకరు పరుండిన దూదిపరుపు మూడవది. కుట్లవెంబడి నల్లని చుక్కలు కనబడిన నల్లులున్నవన్నమాట, అప్పుడు ఎంత ఎండకు వేసినను నమ్మరాదు. గ్యాసు పొయ్యి తెచ్చుకొనవచ్చును, రబ్బరు గొట్టము మాత్రము పాతది వాడరాదు; కుక్కరు తెచ్చుకొనవచ్చును, సేఫ్టీవాల్వును గాస్కెట్టును క్రొత్తవి వేయింపవలెను. ఫ్రిజ్జును టెంపోలో పడుకోబెట్టి తెత్తురు; నిలువబెట్టియే తేవలెను; ఒకవేళ వాల్చవలసివచ్చిన, ఇంట నిలిపి కొన్ని గంటలు ఆగి, కంప్రెసరులోని నూనె కుదురుకొనిన పిమ్మటనే కరెంటు ఇయ్యవలెను. ఇట్టివి ఇచ్చువారు చెప్పరు. అడుగుటకు పుచ్చుకొనువారికి సిగ్గు. దానమిచ్చిన ఆవుకు పండ్లు ఎంచరాదందురు. నేను ఎంచియే తోలుకొనివత్తును.

మామ: ఇప్పుడు నీవు పుచ్చుకొనువారివలె గాక, కొనువారివలె మాటాడుచున్నావు. మేలు. మరి మా వడ్రంగి? అందరును పాతమంచములే తెచ్చుకొనిన అతని ఉలికి పని ఏది?

మేనకోడలు: ఆ మంచమునకు విరిగిన అడ్డపలకను వేసినది అతడే. క్రొత్తమంచమును నేను అంగడిలో కొనియుండిన అది ఏ కర్మాగారమునుండియో వచ్చియుండును. అతనికి ఆ పలక పనియైనను ఉండదు.

మామ: ఊఁ. అమెరికాలోని మనవాండ్రు ఇట్లే చేయుదురని మీ అన్నకొడుకు చెప్పెను. చదువునకు పోయిన తెలుగుపిల్లలు, చేతిలో కారు లేని మొదటి ఏడు, వీధిప్రక్కన పెట్టిన బల్లలను ఇద్దరు చెరియొక కొన పట్టుకొని నడిపించుకొని వత్తురట. మన ఊరిలో పట్టెమంచముమీద పరుండినవాడు అక్కడ వీధిలోని పరుపునకు ఆశపడుట!

మేనకోడలు: బోస్టను నగరములో బాడుగ ఒప్పందములలో చాలభాగము సెప్టెంబరు 1వ తేదీన మారును, ఆనాడు విద్యార్థులుండు వీధులలో కాలిబాట పొడుగున సామానే. వదలువాడు ముందు, వచ్చువాడు వెనుక. ఆ దేశముననే ఆరిజోనాలోని టూసాను పట్టణమున 2003లో డెరాన్ బీల్ అనునాతడు ఫ్రీసైకిల్ అను ఏర్పాటును మొదలుపెట్టెను; ఇచ్చువాడు డబ్బు అడుగరాదు, పుచ్చుకొనువాడు వచ్చి తీసికొనిపోవలెను; అంతే నియమము. అది తరువాత అనేక దేశములకు ప్రాకినది. కాని ఆ నియమములో వచ్చి తీసికొనిపోవలెనన్న చిన్నమాట యొకటి ఉన్నది చూచితిరా, అందులోనే కారు దాగియున్నది. అక్కడ అందరికిని కారున్నదని వారు అనుకొనిరి. ఇక్కడ మనము ఆ మాటను మార్చుకొనవలెను.

మామ: ఎట్లు మార్చుదువు?

మేనకోడలు: మోయుటలో సగము ఇచ్చువారిదనవలెను.

మామ కొంతసేపు ఊరకుండి, లోపలికి చూచి, గొంతు తగ్గించి, అసలు విషయమునకు వచ్చిరి.

మామ: అదట్లుండనీ. మీ అత్త ఒక మాట అడుగుమన్నది. హెబ్బాళలో ఎవరో రుబ్బురోలును ఉచితముగా ఇత్తుమనిరని నీవు చెప్పితివట. మిక్సీలో రుబ్బిన పిండితో వడలు వడలవలె ఉండవని ఆమె పట్టుదల.

మేనకోడలు: దానిని నేను వలదంటిని, మామా. నల్లరాతి రోలు, పొత్రమును విడిగా తీసినను ఇద్దరు మగవారు కాని కదలనిది. బస్సులోనికి రాదు, పూలటెంపోవాడు చూచి దండము పెట్టెను. మరియు, కొండలను కొట్టి బెంగుళూరునకు రాళ్లు తోలు చిక్కబళ్లాపురపు జిల్లాకు, బెంగుళూరునుండి రాయి తెచ్చుకొందుమా? కమ్మరివీధిలో సూదులమ్మినట్లుండును.

మామ: నేను లెక్క వేసితిని. టెంపోవానికి ఇద్దరి కూలి కలిపి ఇచ్చినను, ఇక్కడ క్రొత్తరోలునకు రాతిపనివాడు అడుగుదానికంటె...

మేనకోడలు: మామా, ప్రతిగ్రహము!

మామ: రాతికి ప్రతిగ్రహదోషము లేదు. ఉన్నను ఆ దోషము మీ అత్తది. నీవు ఊరకుండి కాగితము తీసికొనుము; ఇచ్చువారికి నేను ఒక జాబు చెప్పుదును, వ్రాయుము. నీకు తెలిసిన అపార్టుమెంటులలో తెలుగు చదువగలవారికి అందింపుము. నా అభిప్రాయము మారినదని మాత్రము ఎవరికిని చెప్పకుము, మారలేదు.

ఆయన చెప్పగా ఆమె వ్రాసిన జాబు ఇది. మామ ఏ వైపున ఉన్నారో పాఠకులే నిర్ణయింపవచ్చును. జాబు మాత్రము ఉపయోగకరమైనది గనుక యథాతథముగా ఇచ్చుచున్నాను.

"బెంగుళూరునందలి గృహస్థులకు నమస్కారము. మీరు వదలదలచిన వస్తువును పుచ్చుకొనుటకు వచ్చువారు చాలమంది బస్సులో వత్తురు. కాబట్టి వస్తువు ఫోటోతోపాటు దాని పొడవు, వెడల్పు, ఉజ్జాయింపు బరువు తెలుపుడు. దాని లోపమును దాచక చెప్పుడు. తిరుగని ఫ్యానును తిరుగునని చెప్పి నూరు కిలోమీటర్ల దూరము మోయింపకుడు. విప్పదగినదానిని విప్పి, మరలను దానికే కట్టి, వీలైన క్రిందియంతస్తునకు దింపి ఉంచుడు. కావలివానికి ముందుగా చెప్పి, వచ్చువారిని లోపలికి గౌరవముగా పంపవలెనని కోరుడు. ఆదివారము రాత్రిలోపల తీసికొనిపోవలెను, లేకున్న పారవేయుదుమని గడువు పెట్టకుడు. పూలబండ్లు తిరిగివచ్చునది తెల్లవారిన తరువాత. చలికాలమున వచ్చినవారు అనపకాయలిచ్చిన, వలదనక పుచ్చుకొనుడు."